పాత డెస్క్‌టాప్‌కు మానిటర్ పోతే: బాగు చేయించడమా, సెకండ్ హ్యాండా, కొత్తదా?

పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు తయారుచేసే మన డీటీపీ సెంటర్లలో విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 మీద నడిచే డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. చూసేవారికి అవి కాలం చెల్లిన పెట్టెలు. వాటి ముందు కూర్చుని పనిచేసేవారికి మాత్రం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు టైపుకు వాడే అనూ ఫాంట్లు, ఏళ్లుగా పోగుపడిన ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు మరో ప్రధాన వెర్షన్ రాలేదు. అనూలో కొట్టిన పాఠం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షరాల ప్రమాణం) కాదు కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా ఎక్కదు. అందుకే నడిచినంత కాలం ఆ సీపీయూను కదిలించరు. అది సరైన నిర్ణయమే. చిక్కంతా మానిటర్ మొరాయించినప్పుడే వస్తుంది. ‘ఇంత పాత కంప్యూటర్‌కు కొత్త మానిటర్ ఎందుకు, ఏదో ఒకటి తెచ్చి తగిలించండి’ అనే సలహా వెంటనే వినిపిస్తుంది. నేను ఆ సలహాతో ఏకీభవించను. మానిటర్ ఎంపికకు కొలత సీపీయూ వయసు కాదు. రోజంతా దాని మీద ఏం చదువుతారు అన్నదే కొలత.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లోపం పవర్ బోర్డులో ఉండి, తెర ఇంకా స్పష్టంగా ఉంటే బాగు చేయించడం మేలు. తెరే పోతే కొత్త ఫుల్ హెచ్‌డీ (1920×1080) మానిటర్ మేలు. సెకండ్ హ్యాండ్ కొన్ని ప్రత్యేక అవసరాలకు బాగుంటుంది. ఇంట్లో ఖాళీగా ఉన్న టీవీని తెచ్చి పెట్టడం మాత్రం ఈ పనికి తగదు.

అసలు పాడైంది మానిటరేనా?

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇది తేల్చుకోవాలి. సీపీయూ నుంచి వచ్చే కేబుల్‌ను మానిటర్ వెనుక నుంచి తీసేసి, కరెంటు వైరు మాత్రం ఉంచి ఆన్ చేయండి. చాలా ఎల్‌సీడీ మానిటర్లు ‘సిగ్నల్ లేదు’ అనో, ‘కేబుల్ చూడండి’ అనో ఒక సందేశం చూపిస్తాయి. అది నిలకడగా, స్పష్టంగా కనిపిస్తే మానిటర్‌లోని దీపం, తెర, పవర్ బోర్డు మూడూ పనిచేస్తున్నట్టే. అప్పుడు అనుమానించాల్సింది కేబుల్‌ను, ఆ తర్వాత సీపీయూను. పాత డెస్క్‌టాప్‌లలో ర్యామ్ కాంటాక్టులకు మకిలి పట్టి డిస్ప్లే రాకపోవడం చాలా మామూలు. కరెంటు వైరు పీకేసి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా తుడిచి మళ్లీ బిగిస్తే ఎన్నో ‘మానిటర్ పోయిన’ కంప్యూటర్లు లేచి కూర్చుంటాయి.

రంగు మారిపోతే వీజీఏ (సీపీయూ నుంచి మానిటర్‌కు బొమ్మ తెచ్చే పాత రకం కేబుల్) పిన్నుల సంగతి చూడాలి. ఆ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మొదటి మూడు పిన్నుల మీద విడివిడిగా వస్తాయి. నీలం అందకపోతే తెల్ల పేజీ పసుపుగా, ఆకుపచ్చ అందకపోతే ముదురు గులాబీగా, ఎరుపు అందకపోతే ఆకుపచ్చ కలిసిన నీలంగా కనిపిస్తుంది. వంగిన పిన్నును సన్నని పట్టకారుతో నిటారు చేస్తే సరిపోవచ్చు. చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను మొదటి నుంచే ఉండదు, ఆ ఖాళీని చూసి కంగారుపడనక్కర్లేదు.

తెర మీద నిలువు గీతలు వస్తుంటే మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. గీతలు మెనూ మీదుగా కూడా పోతుంటే లోపం తెరది. మెనూ శుభ్రంగా ఉండి, వెనుక బొమ్మలో మాత్రమే గీతలుంటే లోపం కేబుల్‌దో, గ్రాఫిక్స్‌దో. ఇక తెర పూర్తిగా నల్లబడితే గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడండి. లోపల ఐకాన్లు మసకగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనుక వెలగాల్సిన బ్యాక్‌లైటే వెలగడం లేదు. ఈ ఒక్క పరీక్షతోనే బాగు చేయించాలా, మార్చాలా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

బాగు చేయించడం

స్విచ్ వేశాక చాలాసేపటికి గాని వెలగకపోవడం, పవర్ లైటు మినుకుమినుకుమంటూ మానిటర్ ఆగి ఆగి రావడం, వేడెక్కాక గాని కుదురుకోకపోవడం, ఇవన్నీ ఎక్కువగా పవర్ బోర్డులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటును నిల్వ చేసి నిలకడగా అందించే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయిన లక్షణాలు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల సమస్య ప్రపంచమంతటా ఉండేది. దానికి మన ఎండ, గాలి ఆడని గది, కాగితపు దుమ్ము తోడవుతాయి. కెపాసిటర్ పనిచేసే వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. మానిటర్‌ను గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి వాడే చోట ఆ లెక్క వ్యతిరేక దిశలో నడుస్తుంది.

పాడైన కెపాసిటర్ చాలాసార్లు కంటికే తెలుస్తుంది. పై మూత చదునుగా ఉండాల్సింది ఉబ్బి ఉంటుంది, లేదా గోధుమ రంగు పొక్కు కట్టి ఉంటుంది. ఒక్కో చిన్న కెపాసిటర్ ఖరీదు సాధారణంగా పది ఇరవై రూపాయలకు మించదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలన్నీ దొరుకుతాయి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లు రాసి ఉంటే కొత్తదానిమీదా అన్నే ఉండాలి. ఓల్టేజీ అంతే గాని, కాస్త ఎక్కువ గాని ఉండవచ్చు, తగ్గకూడదు. 105 డిగ్రీల రకం, అందులోనూ పవర్ సప్లైల కోసం చేసిన లో ఈఎస్ఆర్ రకం అడగాలి. మజూరీతో కలిపి కొన్ని వందల్లో తేలిపోయే ఈ పనికి ఒప్పుకోకుండా మానిటర్ పారేయమనే దుకాణం ఎదురైతే ఇంకో దుకాణం వెతకడమే మంచిది.

సోల్డరింగ్ చేయి తిరిగినవారు కాకపోతే ఈ పెట్టెను సొంతంగా విప్పవద్దని గట్టిగా చెబుతాను. 230 ఓల్టుల కరెంటు లోపల డీసీగా మారేసరికి పెద్ద కెపాసిటర్‌లో 325 ఓల్టుల దాకా నిలుస్తుంది. వైరు పీకేశాక కూడా అది కొంతసేపు అలాగే ఉండవచ్చు. ట్యూబు దీపాల బ్యాక్‌లైటు ఉన్న పాత మానిటర్లలో ఆ దీపాలను వెలిగించే ఇన్వర్టర్ బోర్డు నుంచి వచ్చే ఓల్టేజీ ఇంకా ఎక్కువ. గాజు బొమ్మగొట్టం ఉన్న సీఆర్‌టీ అయితే ఇరవై వేల ఓల్టుల పైమాటే. దాన్ని ముట్టుకోనే వద్దు.

బొమ్మ ఒకటి రెండు సెకన్లు మెరిసి నల్లబడితే, లోపలి ట్యూబు దీపాల్లో ఒకటి చచ్చిపోయి, ఇన్వర్టర్ తనను తాను ఆపేసుకుంటోందన్న అనుమానం బలంగా ఉంటుంది. దీపాలు మార్చవచ్చు, వాటి స్థానంలో ఎల్‌ఈడీ పట్టీలూ వేయవచ్చు. అయితే తెరను పొరలు పొరలుగా విప్పాలి. దుమ్ము చేరుతుంది, వెలుగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అంత శ్రమకు ఫలితం సరితూగదు. తెర అంచున ఉండే సన్నని రిబ్బన్లు ఊడి వచ్చే నిలువు గీతలకైతే రిపేరు పేరుతో ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. నొక్కితే పోయి, వదిలితే వచ్చే గీత రేపు మళ్లీ వస్తుంది.

సెకండ్ హ్యాండ్

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఆఫీసులు మార్చేసిన మానిటర్లు దొరుకుతాయి. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల ఆఫీసు రకం మానిటర్లకు ఒక గొప్ప సుగుణం ఉంది, అది స్టాండు. ఎత్తు పెంచవచ్చు, తగ్గించవచ్చు, చాలావాటిని నిలువుగా తిప్పవచ్చు. పేజీలు కట్టేవారికి నిలువు తెర ఎంత హాయో వాడినవారికే తెలుస్తుంది. కాకపోతే, పాత గ్రాఫిక్స్ డ్రైవర్ బొమ్మను తిప్పడానికి ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఇంకో లాభం, వీటిలో చాలావాటికి వీజీఏ, డీవీఐ (బొమ్మను డిజిటల్‌గా తెచ్చే కనెక్షన్) రెండూ ఉంటాయి కాబట్టి పాత సీపీయూతో పేచీ రాదు.

కొనేటప్పుడు తొందరపడకూడదు. కనీసం అరగంట వెలిగించి ఉంచమనండి. తెర నిండా తెలుపు పెట్టి మూలలు పసుపెక్కాయేమో, నలుపు పెట్టి అంచుల నుంచి వెలుగు కారుతోందేమో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టి చచ్చిన చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయేమో చూడండి. వెలుగును పూర్తిగా పెంచితే గాని సరిగా కనిపించని మానిటర్ వద్దు, దాని దీపం ఆయుష్షు అయిపోవచ్చింది. దుకాణం ఇచ్చే హామీ సాధారణంగా నెలల్లోనే ఉంటుంది. బిల్లు మీద రాయించుకోండి.

ఈ మార్కెట్లో చవకగా కనిపించే 18.5 అంగుళాల వెడల్పు మానిటర్ విషయంలో మాత్రం జాగ్రత్త. పాత 17 అంగుళాల చదరపు మానిటర్ కన్నా అది పెద్దదని అనుకుంటారు. లెక్క చూడండి: 17 అంగుళాల చదరపు తెర ఎత్తు సుమారు 27 సెంటీమీటర్లు, నిలువునా 1024 చుక్కలు. 18.5 అంగుళాల తెర ఎత్తు 23 సెంటీమీటర్లు, చుక్కలు 768. అంటే డబ్బిచ్చి పేజీని చిన్నది చేసుకున్నట్టు. చదరపు తెరకు బదులు వెడల్పు తెర తీసుకుంటే 21.5 అంగుళాలకు తగ్గవద్దు. అప్పుడే పాత ఎత్తు నిలుస్తుంది.

టీవీ

32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో అడ్డంగా 1366 చుక్కలే. అంగుళానికి లెక్కిస్తే 49. పాత 17 అంగుళాల మానిటర్‌లో 96 ఉండేవి. దూరంగా కూర్చుని సినిమా చూడటానికి సరిపోయే ఆ తెర చేతికందే దూరంలో పెడితే అక్షరాలను నలిపేస్తుంది. పైగా చాలా టీవీలు అంచులను కత్తిరించి చూపిస్తాయి, అక్షరాల చుట్టూ లేని మెరుపు పూస్తాయి. తాత్కాలికంగా ఒకటి రెండు రోజులు గడపడానికి వాడితే తప్పులేదు.

కొత్తది

తెలుగు లిపికి చుక్కలు ఎక్కువ కావాలి. ద, ధలకు తేడా అడుగున ఒక చిన్న గీత. ప, ఫలకూ, డ, ఢలకూ అంతే. ర, ఠల మధ్య తేడా నడిమి చుక్క. వత్తులు అక్షరం కింద ఇరుక్కుంటాయి. తెర మసకైతే ఆపరేటర్ కన్ను ఆ తేడాను ఊహతో పూరించుకుంటుంది. తప్పు అచ్చయ్యాక బయటపడుతుంది. వెయ్యి పత్రికల మీద పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడితే మళ్లీ అచ్చువేయడానికి అయ్యే ఖర్చులో మంచి మానిటర్ ధరలో పెద్ద భాగం వచ్చేస్తుంది. నేను కొత్త మానిటర్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 102 చుక్కలుంటాయి. 23.8 అంగుళాల్లో కొద్దిగా తగ్గి 93. అయితే దాని తెర ఎత్తు 29.6 సెంటీమీటర్లు, ఏ4 కాగితం పొడవు 29.7. మెనూలు కాస్త ఆక్రమించినా పేజీ దాదాపు అసలు పరిమాణంలోనే కళ్లముందు నిలుస్తుంది. నేనైతే పేజీలు కట్టేవారికి 23.8, కేవలం టైపు చేసేవారికి 21.5 చెబుతాను. ఐపీఎస్ తెర అయితే పక్కన కూర్చుని ప్రూఫు చూసేవారికీ రంగు మారకుండా కనిపిస్తుంది. ధర సుమారు ఆరు వేల నుంచి పది వేల మధ్య ఉంటుంది, సాధారణంగా మూడేళ్ల వారంటీ వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రేపు సీపీయూ ఆగిపోయినా ఈ మానిటర్ తర్వాతి కంప్యూటర్‌కు పనికొస్తుంది. అందుకే దీన్ని పాత యంత్రం మీద పెట్టిన ఖర్చుగా నేను లెక్కించను.

డబ్బు వృథా అయ్యేది కేబుల్ దగ్గర. పాత సీపీయూకు వీజీఏ మాత్రమే ఉంటే, వీజీఏ కూడా ఉన్న కొత్త మానిటర్‌నే అడిగి తీసుకోండి. ఇప్పటికీ కొన్ని చవక మోడళ్లలో హెచ్‌డీఎంఐ పక్కనే అది ఉంటోంది. లేకపోతే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కావాలి. దానికి యూఎస్‌బీ నుంచి కరెంటు అందాలి. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది, అది ఇక్కడ పనిచేయదు. సీపీయూకు డీవీఐ ఉంటే అదృష్టమే. మామూలు డీవీఐ–హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు, బొమ్మ డిజిటల్‌గానే వస్తుంది, 1920×1200 వరకు పట్టు ఉంటుంది. పాత యంత్రానికి అంతకు మించిన రిజల్యూషన్ మానిటర్ కొనవద్దు. ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్ల అంతర్గత గ్రాఫిక్స్ కూడా హెచ్‌డీఎంఐ మీద 1920×1200 దాటదు.

తగిలించాక 1920×1080 జాబితాలో కనిపించకపోతే మానిటర్‌ను తిట్టవద్దు. నాసిరకం వీజీఏ కేబుళ్లలో మానిటర్ తన వివరాలు చెప్పుకునే వైర్లే ఉండవు. కంప్యూటర్ అప్పుడు 1024×768 దగ్గర ఆగిపోయి, అక్షరాలను అడ్డంగా సాగదీస్తుంది. ముందు కేబుల్ మార్చండి, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ చూడండి. వీజీఏ మీద ఉంటే, తెర నిండా పాఠం ఉన్న పేజీ తెరిచి మానిటర్‌లోని ఆటో బటన్ ఒకసారి నొక్కాలి. ఎక్స్‌పీలో అక్షరాల అంచులను నునుపుగా చూపే క్లియర్‌టైప్ మొదట ఆపి ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి.

తీసేసిన పాత మానిటర్ ట్యూబు దీపాల రకమైతే అందులో పాదరసం ఉంటుంది. పగలగొట్టే పాతసామాను బండికి కాకుండా, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు ఇవ్వండి. కొత్త మానిటర్‌ను దుకాణంలో వీడియోతో పరీక్షించి తృప్తిపడవద్దు. రోజూ వాడే ఫాంటులో, మామూలు సైజులో ద ధ థ, ప ఫ ష, ర ఠ, స్త్రీ, లక్ష్మి అని కొట్టిన పేజీ ఒకటి వెంట తీసుకెళ్లి, అదే తెర మీద తెరిపించి, కుర్చీలో కూర్చునే దూరం నుంచి చదివి చూడండి.