పాత కారు కొని వెంటనే దూరం బయల్దేరుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి, ముఖ్యంగా కొన్న వెంటనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని లాంగ్ ట్రిప్ వేద్దామనుకునేవాళ్లకి ఈ మాట చెప్పాలి. పది నిమిషాల టెస్ట్ డ్రైవ్ చూసి బండి కండిషన్‌లో ఉందని దయచేసి నమ్మకండి. "ఎంత దూరమైనా నిశ్చింతగా వెళ్లిరండి" అని మాకు అంటగట్టిన బండి హైవే ఎక్కాక సగం దారి కూడా సాఫీగా పోలేదు.

మొదట ఏసీ చల్లదనం తగ్గింది. కాసేపటికి, రోడ్డు కొంచెం ఎత్తుగా ఉన్నచోట, టెంపరేచర్ ముల్లు లేచి ఎర్ర గీత వైపు పోవడం మొదలుపెట్టింది. పక్కకి తీసి ఆపితే బానెట్ సందుల్లోంచి ఆవిరి. చల్లారేదాకా ఎండలో నిలబడి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ పోసి బయల్దేరడం, కొంత దూరం పోగానే మళ్లీ ఆగడం, దారి పొడుగునా ఇదే వరస. చీకటి పడ్డాక బ్యాటరీ లైటు కూడా వెలిగింది, హెడ్‌లైట్లు మసకబారిపోయాయి, ఇంజిన్ ఆగాక సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఊరుకుంది. వెనక సీట్లో పెద్దవాళ్లూ పిల్లలూ, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడల్లా బండి మొత్తం ఊగుతోంది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

టోయింగ్ చేయించి తీసుకెళ్తే మెకానిక్ ఇంజిన్ ఆయిల్ మూత తిప్పి మా చేతిలో పెట్టాడు. లోపలి వైపంతా కాఫీ రంగు నురగ, వేలికి జిగటగా అంటుకుంటోంది. ఆయిల్లో కూలెంట్ కలిసిపోతోందనీ హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సీల్, పోయిందనీ చెప్పాడు. ఇంకా విప్పితే, కూలెంట్‌ని రేడియేటర్‌లోకి ఎప్పుడు వదలాలో చూసుకునే థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. రేడియేటర్లో లీకు మూసే మందు గడ్డలు కట్టి ఉంది. అంటే ట్రబుల్ ఏమిటో అమ్మినవాళ్లకి ముందే తెలుసు! బండి పాతదైతే అవుతుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పి రేటు తగ్గించుకోవచ్చు. పిల్లలతో దూరం వెళ్తున్నామని చెప్పాక కూడా నోరు విప్పలేదు చూశారా, అది పచ్చి మోసం.

థర్మోస్టాట్ తీసేస్తే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఊళ్లో తిప్పినంతసేపూ ముల్లు కిందే ఉంటుంది. లోడు, ఏసీ, ఎత్తు మూడూ కలిసి ఎక్కువసేపు లాగినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అందుకే బండి చూడ్డానికి వెళ్లేముందు "స్టార్ట్ చేసి ఉంచకండి" అని చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. పూర్తిగా చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేయించి లోపలికి చూడండి. బుడగలు ఆగకుండా వస్తున్నా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తున్నా బేరం అక్కడే ఆపేయండి. వేడి మీద మాత్రం ఆ మూత జోలికి పోవద్దు, ప్రెషర్ వల్ల లోపల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీయగానే మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

బ్యాటరీకి మీటర్ పెట్టించండి. మామూలుగా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి, నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంట్ తయారుచేసే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జ్ చేయట్లేదని అనుమానించాల్సిందే. టైర్ పక్క భాగం మీద 4 అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ, పైపైన నల్లగా మెరుస్తోందని మోసపోకండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు అడగండి, అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి.

ఇవన్నీ చూశాక నలుగురు ఎక్కి, ఏసీ వేసి, కనీసం గంట హైవే మీద నడపండి. తర్వాత ఆపకుండా ఐడ్లింగ్‌లో ఉంచి ఫ్యాన్ తిరుగుతోందా, ముల్లు పైకి లేవకుండా ఉందా చూడండి. దానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

ఇప్పటికే కొనేసి దారిలో ఉన్నవాళ్లు ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి, దగ్గర్లో భద్రంగా ఉన్నచోట బండి ఆపండి. హీటెక్కిన ఇంజిన్ మీద చల్లనీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. ఎర్ర గీత దాటాక "ఇంకెంత, దగ్గరికి వచ్చేశాంగా" అని లాగారంటే గాస్కెట్‌తో పోయేది ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అయ్యేదాకా వెళ్తుంది. హజార్డ్ లైట్లు వేసి, అందర్నీ ట్రాఫిక్ లేని వైపు నుంచి దించి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి, మెకానిక్‌కి ఫోన్ ఆ తర్వాత చేయొచ్చు.