కారు ఒకటే, కరెంటు రెండు రకాలు: నెక్సాన్ ఈవీతో నాలుగేళ్లు

2021లో కొన్న మా విద్యుత్ కారు నెక్సాన్ ఈవీ ఇప్పటికి 54,000 కిలోమీటర్లు తిరిగింది. నడకలో చెప్పుకోదగ్గ లోపం లేదు. కొత్తలో నిండు ఛార్జికి 210 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 190 వస్తోంది. నేను దీన్ని కొన్నది పొగ తగ్గించాలన్న కోరికతో కాబట్టి, ఆ కోరిక ఎంతవరకు తీరిందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయవాడ శివారు. మేడ ఎక్కితే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. రాత్రి పదింటికి ప్లగ్గు పెట్టి పడుకున్నంత కాలం మా కారు చాలావరకు బొగ్గుతోనే నడిచిందని ఒప్పుకోవాలి. ఛార్జింగుకు విడిగా పెట్టించిన సబ్‌మీటరు ప్రకారం వంద కిలోమీటర్లకు 16 యూనిట్లు అవుతాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో దేశ గ్రిడ్ (అన్ని కేంద్రాల కరెంటునూ కలిపి పంచే తీగల వ్యవస్థ) సగటున యూనిట్‌కు సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కనుక, అది పదకొండున్నర కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చిన నా పాత పెట్రోలు కారు, లీటరుకు 2.3 కిలోల చొప్పున, అదే దూరానికి పదిహేను కిలోలకు పైగా వదిలేది. అంటే తగ్గినది నాలుగో వంతు, ఇన్నేళ్లకు రెండు టన్నులు. పెట్రోలు శుద్ధిలోనూ కరెంటు తీగల్లోనూ పోయేది నేను కలపలేదు. బ్యాటరీ తయారీలో వెలువడేదీ టన్నుల్లోనే ఉంటుందని తెలిశాక, ఆ రెండు టన్నులు నాకు తృప్తినివ్వలేదు.

2024లో ఇంటి కప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ 78,000 రూపాయలతో మూడు కిలోవాట్ల సోలార్ పలకలు వేయించాను. మనం గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును బిల్లులో తగ్గించే నెట్ మీటరును మూడు నెలలు ఆలస్యంగా బిగించారు, ఆ మూడు నెలలూ నాకు బాధగానే గడిచాయి. మీటరు వచ్చాక బిల్లు దాదాపు సున్నా అయింది. అయినా రాత్రి కారులోకి ఎక్కేది పాత కరెంటే. పగలు మనం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్ కూడా ఎక్కడో కొంత బొగ్గును ఆపుతుంది, అది వృథా కాదు. కానీ చీకటి పడ్డాక గ్రిడ్ మీద భారం పెంచేది నా ప్లగ్గే కదా అనిపించి, ఆదివారాలూ ఇంటినుంచి పనిచేసే రెండు రోజులూ ఉదయం పదింటికి ఛార్జింగు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం కూడా పలకలు రెండున్నర కిలోవాట్లు దాటవు, ఛార్జరు మూడు లాగుతుంది. మిగిలిన అర కిలోవాటు గ్రిడ్ నుంచి వచ్చినా, ఆ వేళ అందులో కర్నూలు, అనంతపురం సోలార్ కేంద్రాల ఎండ కరెంటు కూడా కలిసి ఉంటుంది. ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో మాత్రం రోజుకు ఐదారు యూనిట్లే వస్తున్నాయి, అప్పుడు దగ్గరి పనులకు సైకిలు తీస్తున్నాను.