నడిపి చూసింది ఒక కారు, ఇంటికొచ్చింది ఇంకొకటి: దసరాకు సెడాన్ తీసుకున్నవాళ్ళు ముందుగా టైర్లు చూసుకోండి

కోపం చల్లారాక రాయమని మా ఆవిడ అంటోంది. చల్లారితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఈ సోమవారం రాత్రే రాస్తున్నాను.

ముందు భాగం అందరికీ తెలిసిందే కనుక తొందరగా చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. మేము చూస్తున్న తరగతి సెడాన్ల (వెనక విడిగా డిక్కీ ఉండే కార్ల) మీద, సెస్సు అనే అదనపు పన్నుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. దసరాకు కారు ఇంటి ముందు ఉండాలని అమ్మ కోరిక. షోరూము పేరు రాయను. మెట్రో స్తంభాల పక్కన, ఏ పండుగా లేని రోజు కూడా బెలూన్లు కట్టి ఉంచే షోరూము అంటే మా వైపు వాళ్ళకు చాలు.

నేను చూడకుండా కొన్నానని మాత్రం ఎవరూ అనకండి. రెండు నెలలు చూశాను. హోండా సిటీ, వెర్నా, ఇంకో రెండు కార్లు, మొత్తం నాలుగింటినీ ఒక్కోటి రెండేసి సార్లు నడిపాను. ఒకసారి ఒంటరిగా, ఒకసారి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని. ఐదుగురు కూర్చున్నాక మా కాలనీ స్పీడ్ బ్రేకరుకు అడుగుభాగం తగులుతుందో లేదో చూడాలి కదా! సిటీ ఆటోమేటిక్‌ను ఫ్లైఓవర్ ఎక్కిస్తూ గట్టిగా తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, వేగం కాస్త ఆగి వస్తుంది. వెర్నా సీటు కిందికి ఉండి, దిగేటప్పుడు అమ్మ మోకాళ్ళు పట్టుకుంది. సిటీ డిక్కీ 506 లీటర్లు, వెర్నాది 528 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఎయిర్‌బ్యాగులు, మైలేజీ, సర్వీసు ఖర్చు, అన్నీ పట్టిక వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. షోరూము కుర్రాడు ఆ పట్టిక ఫోటో చూసి, "మీలాగా అన్నీ తెలుసుకుని వచ్చేవాళ్ళు తక్కువ సార్" అన్నాడు. పొంగిపోయాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

అక్టోబరు 2, విజయదశమి. ఎర్ర గుడ్డ కప్పిన కారు, పూలదండ, కొబ్బరికాయ, కేకు కూడా. అదే గంటలో ఇంకో ఆరు కార్లు ఇస్తున్నారు. ముహూర్తం దాటిపోతోందని తొందర పెట్టారు. కాగితాలు ముందుకు జరుపుతూ "ఇక్కడ సార్, ఇక్కడ కూడా సార్" అంటుంటే సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఒక్కటి కూడా చదవలేదు. బ్యాంకులో వంద రూపాయల తేడా వస్తే కౌంటరు వదలని మనిషిని నేను.

ఆదివారం మా బావమరిది వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ముందు టైరు దగ్గర కూర్చుని, "బావా, ఇది కొత్త కారేనా?" అన్నాడు. టైరు పక్కగోడ మీద 3624 అని ఉంది. అంటే 2024లో 36వ వారం. మిగతా మూడూ అంతే. ఒక్కోసారి పాత టైర్లు వేస్తారులే అని సర్దిచెప్పుకుంటూ లోపలికెళ్ళి కాగితాలు తీశాను. అమ్మకపు పత్రంలో తయారీ నెల: అక్టోబరు 2024. ఏడాది పాటు ఏ యార్డులోనో ఎండకు ఎండి వానకు తడిసిన బండిని పూలదండ వేసి ఇచ్చారు. పూర్తి ధరకు! పాత సరుకు మీద తగ్గింపు అడగవచ్చని నాకు తెలియక కాదు, అది పాత సరుకని తెలియక. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు మాత్రం ఆ పొద్దుటే కొన్నట్టున్నారు.

ఈ పొద్దున వెళ్ళాను. అరగంట కూర్చోబెట్టి మేనేజరును పిలిచారు. నేను గొంతు పెంచలేదు. తయారీ నెల ముందు ఎందుకు చెప్పలేదని మాత్రమే అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కారేమైనా పాల ప్యాకెట్టా సార్, తేదీ చూసి తాగడానికి?" అన్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు నవ్వాడు. టెస్ట్ డ్రైవ్ రోజు అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపిన కుర్రాడే. వాడి నవ్వు చూశాక నాకు మాట రాలేదు. మేనేజరు అంతటితో ఆగితే బాగుండేది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు నకలు తెప్పించి, అందులో తయారీ నెల ఉన్న గడి మీద వేలు పెట్టి, ఆ వేలును మెల్లగా కిందికి జరిపి నా సంతకం దగ్గర ఆపాడు. "చూసే కదా పెట్టారు?" అని అడిగాడు. వారంటీ డెలివరీ రోజు నుంచే మొదలవుతుందట, కాబట్టి నాకు నష్టమే లేదట. రేపు అమ్మబోతే కొనేవాడు 2024 కారు అంటాడు కదా అంటే, "అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు సార్, టీ తాగుతారా?" అన్నాడు.

టీ తాగలేదు. నా పౌరుషం అక్కడితో సరి.

ఇంటికొచ్చాక తట్టింది. ఆ నాలుగు కార్లనూ అంత శ్రద్ధగా నడిపి చూశానా, వాటిలో ఒక్కటి కూడా నేను కొనే కారు కాదు. అవన్నీ షోరూము వాళ్ళు తిప్పే డెమో కార్లు. కొనే కారును మాత్రం గుడ్డ తీసేదాకా చూడలేదు. సంతలో వంకాయ నొక్కి చూడకుండా కొనను. పాల ప్యాకెట్టు మీద తేదీ రోజూ చూస్తాను, మేనేజరు గారు సరిగ్గానే పోల్చారు.

మీకు చెప్పేది కొంచెమే. డబ్బు మొత్తం కట్టకముందే ఛాసిస్ నంబరు (ఒక్కో కారుకు ఒక్కోటి ఉండే గుర్తింపు సంఖ్య), తయారీ నెల రాతపూర్వకంగా తీసుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందే యార్డుకు వెళ్ళి, పగటి వెలుతురులో ఆ నంబరు ఉన్న కారునే చూడండి, టైర్ల మీద నాలుగంకెలూ చదవండి. రిజిస్టరు అయ్యాక మీ మాట ఎవరూ వినరు. పండుగ రోజు డెలివరీ వద్దు. నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915కు, ఫిర్యాదు చేశాను. కంపెనీకి కూడా మెయిల్ పెట్టాను. ఏమైనా కదిలితే ఇక్కడే రాస్తాను. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు, రోజూ సాయంత్రం దానికి హారతి ఇస్తోంది.