డీజిల్ ట్రక్కు కోసం డల్లాస్ నుంచి డెన్వర్ దాకా

"ఒక్క గీత కూడా లేదు, అన్నీ హైవే మైళ్లే" అని ఫోన్‌లో చెప్పిన డీలర్ కోసం డల్లాస్ నుంచి అమరిల్లో దాకా దాదాపు 360 మైళ్లు వెళ్లాం. నేను ఇది రాయడానికి కారణం అతనే. 2015 మోడల్, ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు (ఇది తరగతి పేరే, 2500 రకం అన్నమాట), ధర 41,900 డాలర్లు. బండి వేరేవాళ్లకి అమ్మకుండా ఆపడానికి 500 డాలర్ల డిపాజిట్ ముందే కట్టించుకున్నాడు.

మా బావమరిది దిగీ దిగగానే బండి కిందికి దూరాడు. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డబ్బా ఉండాల్సిన చోట నున్నటి పైపు, దానికి రెండు చివర్లా కొత్త వెల్డింగ్. నేను వెనక పొగ గొట్టంలో వేలు పెట్టి తిప్పితే కాటుకలా మసి అంటింది. ఫిల్టర్ సరిగ్గా పనిచేసే బండికి ఆ గొట్టం లోపల శుభ్రంగా ఉంటుంది. అడిగితే, "తీసేస్తే మైలేజీ పెరుగుతుంది, మీకే మంచిది" అన్నాడు. అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం అలా తీసేయడం చట్టవిరుద్ధం. మళ్లీ పెట్టించాలంటే వేల డాలర్లు. ఇది చాలదన్నట్టు బిల్లులో 1,895 డాలర్ల 'ప్రిపరేషన్ ఫీజు' కనిపించింది. డిపాజిట్ అడిగితే "మేనేజర్ రేపు వస్తాడు" అన్నారు. కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టి బయటికొచ్చేశాం. మా ఆవిడ ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

రాత్రి మోటెల్ 92 డాలర్లు, శుభ్రంగానే ఉంది. రాటన్ పాస్ మీదుగా డెన్వర్ ప్రయాణం హాయిగా సాగింది.

డెన్వర్‌లో మా స్నేహితుడు తన 2021 రామ్ 3500 నా చేతికిచ్చాడు, వెనక 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌తో సహా (ముందు భాగం ట్రక్కు తొట్టి మీద ఆనే పెద్ద ట్రైలర్ ఇది). ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ సముద్ర మట్టానికి 11,158 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంత పల్చటి గాలిలోనూ టర్బో ఉన్న కమిన్స్ ఇంజన్ ఊపిరాడనట్టు అనిపించలేదు. అసలు పరీక్ష టన్నెల్ దాటాక, సిల్వర్‌థోర్న్ వైపు 7 శాతం దిగుడులో. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వేసి 45 మైళ్ల వేగంలో ఉంచితే బండి తనంతట తానే నిలదొక్కుకుంది, బ్రేక్ పెడల్ నొక్కే పని దాదాపు పడలేదు. మొదట పైపిడి గట్టిగా పట్టుకుని కూర్చున్న మా ఆవిడ కొండ దిగేలోపే కునుకు తీసింది. డీలర్ల దగ్గర బ్లాకు చుట్టూ తిప్పే టెస్ట్ డ్రైవ్‌లో ఇదేదీ తెలియదు. బరువు లాగి చూడకుండా ఈ రకం బండి కొనొద్దు.

ఇంకో మాట. డ్రైవర్ తలుపు దగ్గరుండే పేలోడ్ స్టిక్కర్ చదవండి, బండి తన మీద ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. టోయింగ్ అంకె, అంటే వెనక ఎంత లాగగలదో, అది చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ బరువులో సుమారు 20 శాతం, అంటే 2,400 పౌండ్లు ట్రక్కు మీదే పడతాయి. దానికి హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం), నలుగురు మనుషులు కలపండి. ముప్పావు టన్ను డీజిల్‌కి స్టిక్కర్ మీద చాలాసార్లు రెండు వేల పైచిలుకే ఉంటుంది. కాబట్టి పదేళ్లు వాడుకునే ఉద్దేశం ఉంటే ఒక టన్ను (3500 రకం) బండికే వెళ్లండి.

పాత బండి కొనేవాళ్లు ఇంజన్‌కి ఇంధనం పంపే హై ప్రెషర్ పంపు ఏదో అడగాలి. సీపీ4 అనే రకం పంపు చెడితే లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది, ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాలి. అదే పంపున్న 2019, 2020 రామ్‌లను రీకాల్ చేశారు, 2021 నుంచి మళ్లీ సీపీ3 పెట్టారు. జీఎం ట్రక్కుల డీజిల్ ఇంజన్ డ్యూరామాక్స్‌లో 2017 నుంచి డెన్సో కంపెనీ పంపు వచ్చింది. అందుకే నా జాబితాలో ఈ రెండే మిగిలాయి.

రోజూ ఆఫీసుకి, కూరగాయలకి తిరగడానికి మాత్రం డీజిల్ వద్దు. ఇంజన్ వేడెక్కని చిన్న ప్రయాణాల్లో డీపీఎఫ్ మసితో పూడుకుపోతుంది. మేం ఏడాదిలో సగం ట్రైలర్‌తో రోడ్డు మీదుంటాం కాబట్టి తీసుకుంటున్నాం. ఈసారి ఏ బండి చూసినా, డబ్బు కట్టకముందే బయటి మెకానిక్‌తో తనిఖీ చేయిస్తాం. డెన్వర్‌లో దానికి 189 డాలర్లు అడిగారు, సంతోషంగా ఇస్తాను.