పైన్ కాయలా, సరుగుడు కాయలా: పొయ్యికి ఏది మేలు?

అరకు సీజన్ మొదలైందంటే మా వీధిలో కార్ల డిక్కీల్లోంచి కాఫీ పొడితో పాటు పైన్ కాయల సంచులు కూడా దిగుతాయి. మర్నాడే ప్రశ్న మొదలు: "పొయ్యిలోకి పనికొస్తాయటగా, నిజమేనా?" పెందుర్తిలో పెరట్లో ఇంకా నీళ్ళ పొయ్యి వెలిగించే కొద్ది ఇళ్ళలో మాదొకటి కాబట్టి నన్నే అడుగుతారు. ఈసారి మేమూ అరగోనె తెచ్చుకున్నాం. భీమిలి నుంచి మా అత్తగారు ఎప్పటిలాగే సరుగుడు కాయలు తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పది రోజులు వాడి చూశాను.

అంటుకోవడంలో పైన్ కాయకు సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. పొలుసుల సందుల్లో గాలి ఆడుతుంది, పైగా వాటికి జిగురు పట్టి ఉంటుంది. నాలుగు కాయలు దగ్గరగా చేర్చి, మీద చితుకులు, ఆపైన కట్టెలు పేర్చి, కింద ఒక్క కాగితం ముక్క అంటిస్తే చాలు. ఊదుగొట్టంతో పనే లేదు.

కాకపోతే కాయ బాగా విచ్చుకుని ఉండాలి. వైజాగ్‌లో అసలు తంటా అదే. పైన్ కాయ చెట్టు నుంచి రాలిపోయాక కూడా తడికి ముడుచుకుంటుంది, ఎండకు విచ్చుకుంటుంది. తేమ తగిలితే పొలుసు బయటి పొర లోపలి పొర కన్నా ఎక్కువ సాగుతుంది, దాంతో పొలుసు లోపలికి వంగిపోతుంది. అరకులో పువ్వుల్లా విప్పారిన కాయల్ని తెచ్చి బయట మెట్ల కింద పెట్టాం. అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు. నాలుగో రోజు చూస్తే చాలావరకు మొగ్గల్లా ముడుచుకున్నాయి. వాటినే అంటించాను. మంట తక్కువ, పొగ ఎక్కువ, పక్కింటి పిన్నిగారి దగ్గర చీవాట్లు అదనం. డాబా మీద రెండు రోజులు మంచి ఎండ తగిలాక మళ్ళీ దారికొచ్చాయి. కాబట్టి ఎండబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచాలి. తడి మీదే మూత పెట్టారో, బూజు పడుతుంది.

కొందరు కొవ్వొత్తి ముక్కలు కరిగించి అందులో ముంచి పెట్టుకుంటారు. మైనం తేమను ఆపుతుంది, మంట కూడా ఇంకాస్త సేపు నిలుస్తుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. లంబసింగిలో టెంటు వేసుకునేవాళ్ళకు ఇది బాగానే ఉంటుంది. రోజూ స్నానాలకు నీళ్ళు కాచుకునే ఇంట్లో అంత చాకిరీ ఎవరు చేస్తారు?

సరుగుడు కాయ గచ్చకాయంత ఉంటుంది. చూడ్డానికి పైన్ కాయకు తమ్ముడిలా ఉన్నా చుట్టరికం లేదు. సరుగుడు పూలు పూసే జాతి, సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. పైన్‌లో ఉండే జిగురు దీంట్లో లేదు. అందుకే ఉత్త అగ్గిపుల్లకు లొంగదు. అత్తగారి పద్ధతి ఏమిటంటే, అడుగున గుప్పెడు ఎండు సరుగుడు ఆకు (ఆకు కాదని ఇప్పుడే చెప్పాను గానీ మా ఇంట్లో అలాగే అంటాం), దాని మీద రెండు దోసిళ్ళ కాయలు. ఆకు భగ్గుమని కాయలకు అంటిస్తుంది. పెద్ద మంటేమీ రాదు. కాయలు మాత్రం బొగ్గుల్లా కణకణలాడుతూ ఉండిపోతాయి. పైన్ కాయల ఆర్భాటం పది నిమిషాల్లో అయిపోయింది. సరుగుడు నిప్పుల మీద మొదటి కాగు దించాక రెండోది కూడా కాగింది.

వంట సంగతికొస్తే నాకు మరో ఆలోచన లేదు, సరుగుడే. పైన్ జిగురు పొగకు గిన్నె అడుగున జిడ్డు మసి పట్టింది, బూడిద వేసి తోమినా ఒక పట్టాన వదల్లేదు. ఆ మంట మీద వంకాయ కాల్చాను. టర్పెంటైన్ తీసేది పైన్ జిగురు నుంచే కదా, పచ్చడి నోట్లో పెట్టుకోగానే ఆ సంగతి గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించడానికి పైన్ వాడినా, ఆ మంట పూర్తిగా అణిగి కట్టెలు నిప్పులయ్యాకే గిన్నె ఎక్కించండి. చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టకండి.

దొరకడంలోనూ తేడా ఉంది. తోట కొట్టాక సరుగుడు కర్ర పేపరు మిల్లులకో సెంట్రింగుకో పోతుంది, కాయల్ని అడిగేవాడు ఉండడు. పైన్ కాయ కోసం దాదాపు నూరు కిలోమీటర్లు వెళ్ళాలి, ఘాట్ రోడ్డు ఎక్కాలి. అక్కడి పైన్ చెట్లు కూడా మనుషులు నాటినవే. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా ఏరకూడదు. మేం దిగిన కాటేజీ ఆవరణలో రాలినవి, అడిగే తెచ్చుకున్నాం.

మిగతావి చెప్పాలంటే, కొబ్బరి డొక్కలు బాగా ఎండితేనే, లేకపోతే కళ్ళు మండిపోతాయి. తాటాకు అంటించడానికి సరే, నిలవదు. పిడకలు దొరికితే మంచివే, మా వైపు అవి భోగికి తప్ప కనబడటం లేదు. కిరోసిన్ మాట ఎత్తకండి.

మా పైన్ కాయలు ఇంకో డబ్బాడు మిగిలాయి. భోగి మంట వెలిగించడానికి ఉంచాను. వాటిలో మూడు కాయలకు మా అమ్మాయి అప్పుడే బంగారు రంగు వేసి టీవీ పక్కన పెట్టేసింది.