పిట్స్‌బర్గ్ పైరేట్స్: 15 సీజన్లు చూశాక చెబుతున్న మాట

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆడే ఈ పైరేట్స్ జట్టు ఎలాంటిదో తెలియాలంటే 2025 జూన్ 27 నుంచి జూలై 6 దాకా ఆ పది రోజులు చూస్తే చాలు. ముందు న్యూయార్క్ మెట్స్ మా ఊరొచ్చారు. మూడు మ్యాచ్‌లూ మావే, కలిపితే 30–4. ఆ వెంటనే సెయింట్ లూయిస్ కార్డినల్స్ వచ్చారు. మూడు రోజుల్లో వాళ్లకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఇంట్లో పండగే. తర్వాత మావాళ్లు సియాటిల్ వెళ్లారు. అక్కడ మూడు మ్యాచ్‌లు ఆడి మూడింట్లోనూ సున్నా. మూడో రోజు మా పిచ్చర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్ మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో 5 వేసి 10 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి బ్యాటుకు సరిగా దొరకనివ్వకుండానే ఔట్ చేశాడు, పరుగు ఇవ్వలేదు. అయినా 1–0తో ఓడిపోయాం. టీవీ కట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నేను 2011లో చదువు కోసం పిట్స్‌బర్గ్ వచ్చాను, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. మాది గుంటూరు దగ్గర పల్లె, నాన్న మిర్చి వేసేవారు. బేస్‌బాల్ నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ మొదటి జూలైలో పైరేట్స్ డివిజన్‌లో, అంటే తమ జట్ల గుంపులో, మొదటి స్థానంలో ఉంటే ఊరంతా ఊగిపోయింది. సీజన్ అయ్యేసరికి 72 గెలుపులు, 90 ఓటములు. అప్పటికే 1993 నుంచి ఒక్క ఏడాది కూడా గెలుపులు ఓటములను దాటలేదట. ఆ లెక్క 2012తో 20 ఏళ్లకు చేరింది. అలాంటి జట్టును ఎంచుకున్నదేమిటని నన్ను చాలామంది అడిగారు. నేను ఎంచుకోలేదు, ఊరితోపాటే వచ్చింది. ఇప్పుడు అది నా జట్టు.

2013 అక్టోబర్ 1 రాత్రి పీఎన్‌సీ పార్క్‌లో ఉన్నాను. సిన్సినాటి రెడ్స్‌తో వైల్డ్ కార్డ్ మ్యాచ్, అంటే ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మొదటి మెట్టు, ఓడితే ఇంటికే. జనమంతా నల్ల చొక్కాలు. వాళ్ల పిచ్చర్ జానీ క్వేటో పేరును సాగదీసి స్టేడియమంతా ఒక్క గొంతుతో అరుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారిపడింది. ఆ తర్వాతి బంతికే మావాడు రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. 6–2తో గెలిచాం. పక్క సీటు పెద్దాయన నన్ను ఎరగడు, నేను ఆయన్ని ఎరగను. ఇద్దరం కావలించుకుని ఏడ్చాం. 21 ఏళ్ల తర్వాత ఈ ఊరికి ప్లేఆఫ్ చూసే యోగం పట్టింది. ఆ రాత్రి చూసినవాడు ఈ జట్టును వదిలి పోలేడు. 2015లో 98 మ్యాచ్‌లు గెలిచాం. ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో చికాగో కబ్స్ పిచ్చర్ జేక్ ఆరియెటా మా బ్యాటర్లను కట్టిపడేయడంతో సీజన్ ముగిసింది. అక్కడితో ప్లేఆఫ్ ముఖం చూడలేదు. 2019 నుంచి 2025 వరకు వరుసగా ఏడేళ్లు ఓటములే ఎక్కువ. 2021లో 101, 2022లో 100.

క్రికెట్ తెలిసి బేస్‌బాల్ తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. ఏడాదికి 162 మ్యాచ్‌లు, రోస్టర్‌లో (జట్టు జాబితాలో) 26 మంది. మేజర్ లీగ్‌లో జీతాలకు పైకప్పు లేదు కాబట్టి డబ్బున్న జట్టు ఎంతైనా ఖర్చు పెట్టగలదు. అయితే కొత్తగా వచ్చిన ఆటగాడు ఆరు పూర్తి సీజన్లు పూర్తయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. అంటే చిన్న ఊరి జట్టు బతకాలంటే కుర్రాళ్లను తానే తయారుచేసుకోవాలి, చౌకగా ఉన్న ఆ ఆరేళ్లలోనే గెలవాలి. సూత్రం ఇంతే. మాకు మొదటి సగం అబ్బింది, అదీ పిచ్చర్ల విషయంలోనే. రెండో సగం అబ్బలేదు.

స్కీన్స్ సంగతే చూడండి. 2023 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) మొదటి ఎంపిక. 2024 మే 11న మొదటి మ్యాచ్ ఆడాడు, ఆ ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. 2025లో 187 ఇన్నింగ్స్‌కు పైగా వేసి 216 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఈఆర్ఏ 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. 2025 నవంబర్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చింది. పైరేట్స్ చరిత్రలో 1960లో వెర్న్ లా, 1990లో డగ్ డ్రేబెక్, ఆ తర్వాత ఇతనే. మరి పిచ్చర్‌గా అతని ఖాతాలో రాసిన గెలుపోటముల లెక్క? 10–10. అలాంటి పిచ్చర్‌కు పది ఓటములు రాసిపెట్టిన జట్టు మాది. అతను మైదానంలోకి దిగిన ప్రతిసారీ మా ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం. ఆరో ఇన్నింగ్స్‌కు 0–0 అని కనిపించగానే మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో తనకు తెలుసు.

మిగతా పిచ్చింగ్ కూడా బాగుంది. మిచ్ కెల్లర్ ఉన్నాడు, 2025 ఆగస్టులో బబ్బా చాండ్లర్ వచ్చాడు. మోచేతి శస్త్రచికిత్సతో 2025 అంతా పోగొట్టుకున్న జారెడ్ జోన్స్ కూడా మావాడే. ఇక్కడ నాకు పేచీ లేదు.

పేచీ అంతా బ్యాటింగ్‌తోనే. 2025లో పైరేట్స్ కొట్టిన హోమ్ రన్లు 117, మొత్తం 30 జట్లలోకీ తక్కువ. పరుగుల్లోనూ అట్టడుగే. జట్టులో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన ఓనీల్ క్రూజ్‌వి 20. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, అతని బలం ఒక అద్భుతం. మే 25న అతను కొట్టిన బంతి గంటకు 122.9 మైళ్ల వేగంతో వెళ్లి నదిలో పడింది. 2015లో కొలతలు మొదలయ్యాక అంత గట్టిగా బంతిని కొట్టినవాడు లేడు. 2025లో అతని బ్యాటింగ్ సగటు మాత్రం 0.200, అంటే ఐదుసార్లకు ఒక్క హిట్. ఎడమచేతి పిచ్చర్ ఎదురైతే అతని బ్యాటు బంతిని వెతుక్కోవలసిందే. షార్ట్ స్టాప్‌గా (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) పెరిగిన అతన్ని 2024 ఆగస్టు చివర్లో దూరంగా మధ్యలో ఉండే సెంటర్ ఫీల్డ్‌కు పంపారు. అంత బలమున్న కుర్రాడికి ఇన్నేళ్లలో ఓపికగా బంతిని ఎంచుకోవడం నేర్పలేకపోయారంటే తప్పు అతని ఒక్కడిదే అని నేననను.

ఎందుకంటే ఇది ఒక్కడి కథ కాదు. 2020లో ఏడో ఎంపికగా నిక్ గొంజాలెజ్‌ను, 2021లో మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి ఎంపికగా క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) హెన్రీ డేవిస్‌ను తీసుకున్నారు. డేవిస్ ఇప్పుడు చక్కగా క్యాచింగ్ చేస్తున్నాడు, కానీ అతన్ని తీసుకున్నది బ్యాటు చూసి. ఆ బ్యాటు ఇంకా లేవలేదు. కీబ్రయన్ హేస్‌కు 2022లో ఎనిమిదేళ్లకు 7 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మూడో బేస్ దగ్గర అంత అందంగా ఫీల్డింగ్ చేసేవాడిని నేను చూడలేదు. 2023లో ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు కూడా తెచ్చుకున్నాడు. నడుం నొప్పి, దానితో బ్యాటింగ్ పడిపోవడం, చివరికి 2025 జూలైలో అదే డివిజన్‌లోని సిన్సినాటికి ఇచ్చేశారు. అదే నారుమడి, అదే నీరు, పిచ్చర్లు ఏపుగా పెరుగుతున్నారు. బ్యాటర్లు మాత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టే గిడసబారిపోతున్నారు. ఆటగాళ్లు మారినా ఫలితం మారడం లేదంటే నేర్పే పద్ధతిలోనే లోపం ఉందని నా నమ్మకం.

ఖాళీలు పూడ్చే తీరు ఇంకా బాధ కలిగిస్తుంది. 2025 సీజన్‌కు ముందు, స్కీన్స్ లాంటివాడు చేతికొచ్చాక, బయట మార్కెట్లో డబ్బిచ్చి తెచ్చుకున్న బ్యాటర్లు ఎవరు? టామీ ఫామ్, 40.25 లక్షల డాలర్లు. ఆడమ్ ఫ్రేజియర్, 15.25 లక్షలు. ఇద్దరికీ వయసు మళ్లింది, ఇద్దరివీ ఒక్క ఏడాది ఒప్పందాలు. ఫస్ట్ బేస్ స్థానం అయితే సత్రం గది. 2020 డిసెంబర్‌లో జోష్ బెల్‌ను పంపించాక కార్లోస్ సాంటానా, జీ-మాన్ చోయ్, రౌడీ టెలెజ్ ఇలా ఒకరి తర్వాత ఒకరు. టెలెజ్‌ను 2024 సెప్టెంబర్‌లో తీసేసినప్పుడు ఇంకో నాలుగు సార్లు బ్యాటింగ్‌కు దిగితే అతనికి 2 లక్షల డాలర్ల బోనస్ వచ్చేది. ఆ నిర్ణయానికీ బోనస్‌కూ సంబంధం లేదని యాజమాన్యం చెప్పింది. నిజమే కావచ్చు. కానీ ఏ ఆటగాడైనా ఇక్కడికి రావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆ నాలుగు సార్ల సంగతి గుర్తురాకుండా ఉంటుందా?

ఆండ్రూ మెకచన్ గురించి రాయకుండా ఉండలేను. 2013లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. 2018 జనవరిలో అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపినప్పుడు ఊళ్లో చావు జరిగినట్టుంది. 2023లో తిరిగొచ్చాడు. 2025 జూన్‌లో పైరేట్స్ తరఫున 241వ హోమ్ రన్ కొట్టి పాతతరం పైరేట్స్ దిగ్గజం రొబెర్టో క్లెమెంటేను దాటాడు. అతని ముందు ఇక విల్లీ స్టార్‌జెల్, రాల్ఫ్ కైనర్ మాత్రమే. ఆ రోజు నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ 38 ఏళ్ల మనిషి, 13 హోమ్ రన్లు కొట్టినవాడు, ఏడాది పొడవునా మాకు ముఖ్యమైన బ్యాటర్లలో ఒకడు. గౌరవంగా బెంచ్ మీద పెద్దన్నలా ఉండాల్సినవాడి మీద ఇల్లంతా మోపారు.

ఇక అమ్మకాలు. గెరిట్ కోల్ 2011లో మా మొదటి ఎంపిక. 2018 జనవరిలో హ్యూస్టన్‌కు పంపారు. మరుసటి ఏడాది అతను అక్కడ 326 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అదే 2018 జూలైలో క్రిస్ ఆర్చర్ కోసం టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ టాంపా బేకు ఇచ్చారు. ఆ మార్పిడి గురించి ఈ ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. 2024లో క్విన్ ప్రీస్టర్ అనే కుర్ర పిచ్చర్‌ను బోస్టన్‌కు ఇచ్చారు. అక్కణ్నుంచి మిల్వాకీ చేరి 2025లో 13 గెలుపులు, 3 ఓటములు తెచ్చుకున్నాడు.

గుంటూరు యార్డులో ఇది చిన్నప్పుడే చూశాను. కోత కాగానే మిర్చి టిక్కీలు తెచ్చి ఆ పూట ధరకే తెగనమ్ముకునేవాడు ఒకడు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగగలిగేవాడు ఒకడు. నాన్న చాలా ఏళ్లు మొదటివాడే. ఆయనకు వేరే దారి లేదు, అప్పులవాళ్లు గుమ్మంలో ఉండేవారు. పైరేట్స్‌కు ఆ ఇబ్బంది ఉందా? బ్రయన్ రెనాల్డ్స్‌కు 2023లో ఇచ్చిన 10 కోట్ల 67.5 లక్షల డాలర్లే 2025 దాకా ఈ జట్టు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం. అంతకు ముందు 10 కోట్లు దాటింది ఒక్కటీ లేదు. ‘చిన్న ఊరు, డబ్బు రాదు’ అనేవారికి నా జవాబు మిల్వాకీ. చుట్టుపక్కల కలిపి చూస్తే మా కంటే చిన్న ఊరు. 2025లో 97 మ్యాచ్‌లు గెలిచి మొత్తం లీగ్‌లోనే ముందు నిలిచింది. అదే డివిజన్, అవే నియమాలు.

2025 మే 8న, 12 గెలుపులు, 26 ఓటముల దగ్గర, మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తీసేసి డాన్ కెల్లీని పెట్టారు. ఈ ఊరివాడే. అతని కింద ఆట కాస్త కుదురుకుంది, కానీ మొత్తం 71–91 దగ్గరే ఆగింది. వంట మనిషి మారితే సరిపోదు, సరుకులు తేవాలి కదా. యజమాని బాబ్ నట్టింగ్‌ను జట్టు అమ్మేయమని గ్యాలరీల్లో జనం అరుస్తున్నారు. నేను ఆ అరుపుల్లో గొంతు కలపలేదు, కానీ అరిచేవాళ్లది ద్వేషం కాదు. ద్వేషం ఉన్నవాడు టికెట్ కొని రాడు.

మైదానం మాత్రం అపురూపం. రొబెర్టో క్లెమెంటే పేరున్న పసుపు వంతెన మీద మ్యాచ్ రోజు కార్లు ఆపేస్తారు, నడిచి వెళ్లాలి. లోపల కూర్చుంటే అల్లెఘనీ నది, దాని వెనక ఊరి మేడలు. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే జెర్సీ నంబర్ అది. సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయిన మనిషి. ఎడమ మధ్యలో గోడ 410 అడుగుల దూరం వెళ్తుంది కాబట్టి కుడిచేతి బ్యాటర్లకు కష్టమైన మైదానమే. అది తెలిసీ ఇన్నేళ్లూ ఎడమచేతి బ్యాటర్లను ఎందుకు గట్టిగా వెతకలేదో నాకర్థం కాదు.

మనవాళ్లకు చెప్పేది ఒకటుంది. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌తో ఒప్పందం చేసుకున్నది ఈ పైరేట్సే. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేదు. కానీ బేస్‌బాల్ ఎరగని దేశంలో చేయి బలం చూసి పిలిచిన జట్టు ఇది. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో పరిచయమైన ఒక విద్యార్థి మొన్న అడిగాడు: ‘అన్నా, కొత్తగా వచ్చాను, ఏ జట్టును చూడమంటారు?’ ‘స్కీన్స్ వేసే రోజు ఒక్కసారి రా తమ్ముడూ, టికెట్ నేను తీస్తాను’ అన్నాను. స్కీన్స్ 2029 సీజన్ అయ్యేదాకా మా చేతిలో ఉంటాడు. ఆలోపు అతని వెనక బ్యాటర్లు నిలబడాలి.

అందుకే 2025 సెప్టెంబర్‌లో మా అమ్మాయిని తీసుకుని రెండు గంటలు కారు నడుపుకుంటూ ఆల్టూనా వెళ్లాను. పైరేట్స్ తమ కుర్రాళ్లను తయారుచేసుకునే అక్కడి మైనర్ లీగ్ జట్టులో అప్పుడు కానర్ గ్రిఫిన్ అనే 19 ఏళ్ల షార్ట్ స్టాప్ ఆడుతున్నాడు. 2024లో తొమ్మిదో ఎంపిక. 2025లో మైనర్ లీగ్ మూడు స్థాయిల్లో కలిపి సగటు 0.333, హోమ్ రన్లు 21, దొంగిలించిన (ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి చేరిన) బేస్‌లు 65. స్టేడియం గోడ వెనక రోలర్ కోస్టర్ ఉంటే అమ్మాయి దాన్నే చూస్తోంది. నేను ఆ కుర్రాడు ప్రతి బంతికీ పాదాలు ఎలా పెడుతున్నాడో చూస్తూ కూర్చున్నాను. ఫస్ట్ బేస్ వైపు అతను పరుగెత్తినప్పుడు అమ్మాయి తల తిప్పి, ‘నాన్నా, వీడు మన ఊరికి ఎప్పుడొస్తాడు?’ అంది. వచ్చే వేసవికల్లా అని చెప్పాను.