ట్యూన్ అమ్మేయాలా, లైసెన్స్ ఇవ్వాలా?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల షాపు యాడ్‌కి డప్పు మీద 20 సెకన్ల ట్యూన్ కట్టాను. 8 వేలు చేతిలో పడగానే వాళ్లు చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాను. దసరాకి అదే ట్యూన్ వాళ్ల కరీంనగర్ బ్రాంచి ఆటో మైకులో మోగుతుంటే అడగడానికి నోరు రాలేదు, కాగితంలో 'సర్వహక్కులు' అని ఉంది మరి.

అమ్మేస్తే డబ్బు ఒకేసారి వస్తుంది, మళ్లీ వాళ్ల వెంట తిరిగే పని లేదు, అంతే సుఖం. లైసెన్స్‌కి మొదట తక్కువే ఇస్తారు, బేరం కూడా తలనొప్పే, కానీ టీవీకా యూట్యూబ్‌కా, ఎన్ని నెలలు, ఏ ఊళ్ల వరకు అని ముందే రాసుకుంటాం కాబట్టి గడువు తీరాక ట్యూన్‌ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు.

అమ్మిన కాగితంలోనైనా గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లే అంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. (నా కాగితంలో రెండూ శుభ్రంగా రాశారు లెండి.) సినిమాకైతే ఇంకో సంగతి ఉంది: 2012 సవరణ తర్వాత, హక్కులు రాసిచ్చినా సరే, థియేటర్ బయట వాడకానికి వచ్చే రాయల్టీలో సంగీతం కట్టినవాళ్ల సమాన వాటాను వదిలేయమని రాయించుకుంటే అది చెల్లదు.

యాడ్‌కైతే ఇక లైసెన్సే ఇస్తాను. సినిమాకి మాత్రం అమ్మక తప్పదేమో, ప్రొడ్యూసర్లు వేరే మాట వినరు.